బరువు తగ్గాలంటే బెల్టుని నమ్మకండి

మాది చోడవరం. 2022 దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. జిల్లా మారింది గానీ కాటా మీద నా నమ్మకం మారలేదు. ముప్పై సీజన్లు గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలినవాణ్ణి, తూకం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. కిందటేడు డాక్టరు గారు ఒళ్లు తగ్గించమన్నారు. 84 కిలోల నుంచి 76కి దిగాను. ఎలా దిగానో నలుగురికీ చెబితే పుణ్యం కదా అని రాస్తున్నాను.

కాటా రోజుకి ఒక్కసారి ఎక్కితే చాలదు, నాలుగుసార్లు ఎక్కాలి. పొద్దున్నే ఎక్కేటప్పుడు వాచీ, కళ్లజోడు, మొలతాడుకున్న వెండి బిళ్లతో సహా తీసి పక్కన పెట్టండి. మంచినీళ్లు ముట్టొద్దు. లీటరు తాగితే కాటా కిలో ఎక్కువ చూపించేస్తుంది. ఇది చెరకు రైతుకి తెలిసిన విద్యే. నరికే ముందు తోటకి తడి పెడితే టన్నేజీ పెరుగుతుంది. రికవరీ, అదే, చెరకు నుంచి వచ్చే పంచదార శాతం, పడిపోయిందని ఫ్యాక్టరీ వాళ్లు గొణుక్కుంటారు, అది వేరే సంగతి. టన్ను చెరకు ఆడితే పంచదార వచ్చేది ఓ క్వింటాలు అటూ ఇటూగా. తక్కినదంతా నీరూ, పిప్పీ, మడ్డీ, మొలాసిస్సూ. 2024-25కి కేంద్రం క్వింటాలు చెరకుకి 340 రూపాయలంది, అదీ 10.25 శాతం రికవరీ లెక్క మీద. చెరకుకైతే ఇన్ని లెక్కలుంటాయి. మనిషిని గానుగలో పెట్టి లోపలేముందని అడిగేవాడెవడు? కాబట్టి మనకి టన్నేజీ చాలు.

అన్నం ఒక్కసారిగా మానేయండి. మొదటి వారంలోనే కాటా గబగబా దిగిపోతుంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకి మూడు గ్రాముల చొప్పున నీళ్లు పట్టి ఉంచుతుందట. అది ఖర్చయిపోతే ఆ నీళ్లూ పోతాయి. అంటే పోయింది కొవ్వు కాదన్నమాట. ఈ ముక్క మాత్రం వీధిలో ఎవరికీ చెప్పకండి. అందరూ అభినందిస్తుంటే మధ్యలో నీళ్ల గోల ఎందుకు?

ఇక బెల్టు. నాలుగో వారంలో కాటా కదల్లేదు గానీ బెల్టు ఒక బెజ్జం లోపలికొచ్చింది. "ప్యాంటు జారిపోతోందండీ" అంది మా ఆవిడ. అప్పట్లో నేను రోజూ సాయంత్రం చెరువు గట్టు దాకా నడిచేవాణ్ణి, పెరట్లో గునపం పట్టేవాణ్ణి, రెండు గుడ్లు తినేవాణ్ణి. కాటా కదలనప్పుడు నడుము ఎలా తగ్గుతుంది? తోలు సాగిందని తేల్చి కొత్త బెల్టు కొన్నాను. నడకా, గునపం, గుడ్లూ మానేశాను. పూటకి రెండు ఇడ్లీలతో సరిపెట్టాను. అంతే, కాటా మళ్లీ దిగడం మొదలెట్టింది. చూశారా!

నడుముకి టేపు పెట్టమని కూడా చెబుతారు. మన దేశపు మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడమంటారు. టేపు దర్జీ వస్తువు, దాన్ని దర్జీకే వదిలేయండి.

మా మేనల్లుడు జిమ్ములో చేరాడు. మూడు వారాలకి కిలో పెరిగాడు. చొక్కా మాత్రం పొట్ట దగ్గర వదులైంది. "డబ్బులిచ్చి బరువు కొనుక్కుంటున్నావేరా?" అన్నాను. వాడు వంటింట్లోకి లాక్కెళ్లి, ఉడుకుతున్న మాంసం గిన్నె మూత తీసి చూపించాడు. "ఏటి మావయ్యా, అలా అంటావ్? ముక్కలు అడుక్కి పోయాయి, కొవ్వు పైన తేలుతోంది, చూడు. లీటరు కొవ్వు 900 గ్రాములు, లీటరు కండ 1,060. కిలో ఎక్కడైనా కిలోయే గానీ కొవ్వుకి చోటెక్కువ కావాలి. కొత్తగా బరువులెత్తితే కండ నీరు కూడా పడుతుంది. ఈ కిలో చూసి కంగారు పడకు." కూర బాగుంది. వాడి వాదం నాకెక్కలేదు. జిమ్ము మాన్పించాను.

చదువుకున్నవాళ్లూ ఇలాగే తికమక పెడతారు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫొటోలే వేసుకున్నారు. ఒకాయన పుణె యాజ్ఞిక్, ఇంకొకాయన లండన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. సమానం, శుభం! అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోకుండా ఒంట్లో కొవ్వు కూడా కొలిపించుకున్నారు. తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం వచ్చింది. సన్నగా కనబడే మనవాళ్ల ఒంట్లోనూ కొవ్వు దాక్కుని ఉంటుందని ఊరంతా చాటినట్టయింది. ఇంటి గుట్టు బయటపెట్టుకోవడం కాకపోతే ఏమిటిది?

కరణం మల్లీశ్వరి సంగతి తలుచుకుంటే నాకు ఆశ్చర్యం. మన పక్కనే శ్రీకాకుళం జిల్లా అమ్మాయి. 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ ఛాంపియన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి 69 కిలోల విభాగంలో దిగింది. నా సలహా అడిగి ఉంటే, ఆ పదిహేను కిలోలూ తగ్గేదాకా గడప దాటొద్దనేవాణ్ణి. అడగలేదు. స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చేసింది.

చివరికి నేను 76కి దిగాను. చొక్కాలు భుజాల దగ్గర వేలాడుతున్నాయి, పొట్ట మాత్రం పాత చోటనే ఉంది. మొన్న బజారు నుంచి 25 కిలోల బియ్యం బస్తా తెచ్చాను. ఏటా ఒంటి చేత్తో స్కూటర్ మీంచి దింపేవాణ్ణి. ఈసారి రెండు చేతులూ వేసినా గుమ్మం దాకా రాలేదు. పక్కింటి కుర్రాడు దింపిపెట్టాడు. కొట్టువాడు పొరపాటున ఎక్కువ తూచేశాడనుకున్నాను. పాపం, వాడికి నష్టం కదా అని బస్తాని ఈడ్చుకెళ్లి నా కాటా మీదే పెట్టాను.

సరిగ్గా 25 చూపించింది. కాటా పాడైనట్టుంది, రేపు కొత్తది తెచ్చుకోవాలి.