మద్దెల ఓడైందట!

రైఫిల్‌కి కార్బన్ ఫైబర్ స్టాక్ (భుజానికి ఆనించే పిడి) లేనివాడికి ఈ నవంబరులో జింక కనపడదట. కనపడినా మొహం తిప్పుకుని వెళ్లిపోతుందట. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల విందుల్లో ఇంటి అప్పు వడ్డీలూ, పిల్లల శాట్ మార్కులూ మూలపడ్డాయి. మెక్‌మిలన్ స్టాక్ గొప్పదా, మానర్స్ స్టాక్ గొప్పదా అన్నదే ఇప్పుడు చర్చ. హెచ్1బి మీద ఉన్నవాడు తుపాకీ ముట్టుకోవడానికి ఫెడరల్ చట్టం వదిలిన సందు వేట లైసెన్సు. ఆ సందులోంచి నిరుడు దూరివచ్చిన కుర్రాడు ఇవాళ నన్ను కూర్చోబెట్టి, రైఫిల్‌ని స్టాక్‌లో కదలకుండా అమర్చే బెడ్డింగు గురించి పాఠం చెబుతున్నాడు. వినక తప్పుతుందా, భోజనం వాళ్లింట్లో.

రైఫిల్ ఐదొందల డాలర్లు. దానికి తొడిగే స్టాక్ వెయ్యి. ఎందుకు నాయనా అంటే ఒకటే మాట: "బరువు తగ్గుద్దండీ!"

తగ్గుతుంది, ఎందుకు తగ్గదు. అర పౌండు తగ్గుతుంది, మహా అయితే ఒక పౌండు. కొలరాడోలో పదివేల అడుగుల ఎత్తున ఎల్క్ కోసం, అలాస్కాలో కొండ గొర్రె కోసం, వారానికి సరిపడా తిండీ డేరా వీపున కట్టుకుని ఎక్కేవాడికి ఆ పౌండు ప్రాణంతో సమానం. వాడు వెయ్యి కాదు, రెండు వేలు పెట్టినా నేను నోరెత్తను.

మనవాడి వేట ఎక్కడ? లానో కౌంటీలో లీజుకు తీసుకున్న మేత భూమిలో. పికప్ బ్లైండ్ మెట్ల దాకా పోతుంది. బ్లైండ్ అంటే మన చేల మంచె లాంటిదే, కాకపోతే గోడలూ కప్పూ కిటికీలూ ఉంటాయి, లోపల గిర్రున తిరిగే కుర్చీ ఉంటుంది. రైఫిల్ కిటికీ గట్టు మీద పడుకుంటుంది. ఎదురుగా వంద గజాల్లో ఫీడర్. పొద్దునా సాయంత్రమూ వేళ తప్పకుండా గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు చిమ్ముతుంది. ఆ చప్పుడు వినగానే జింకలు వచ్చేస్తాయి, పెళ్లి భోజనాల పిలుపు విన్నట్టు. ఈ మొత్తం సాహసంలో రైఫిల్ మనవాడి భుజాన ఉండేది బండి తలుపు నుంచి మెట్ల దాకా. ఆ దూరానికి కార్బన్ ఫైబర్!

ఆ రైఫిల్‌తో పాటు మంచె ఎక్కేవి కూడా చూడండి. ఐసు పెట్టె, అందులో పదిమందికి సరిపడా బిర్యానీ. ఫ్లాస్కు. గ్యాసు హీటరు. ఫోను చార్జి చేసుకునే బ్యాటరీ, అదే ఇటుకంత. వీటన్నిటినీ నాలుగు విడతలుగా మోసి, చివరికి పౌండు తగ్గిన రైఫిల్‌ని రెండు వేళ్లతో ఎత్తి చూపించి, "ఈక లాగా లేదూ!" అంటాడు. బరువు తగ్గాల్సింది ఎక్కడో చెప్పడానికి ఆయన బెల్టు చాలు.

పోనీ, ఆ తగ్గిన బరువు ఊరికే పోతుందా? అదే తూటా పేలుస్తూ 8 పౌండ్ల రైఫిల్‌ని 7కి దించితే వెనక్కి తన్నే శక్తి సుమారు 14 శాతం పెరుగుతుంది. భుజం అది మరిచిపోదు. మూడో తూటాకి కన్ను తనంతట తానే మూసుకుంటుంది, వేలు ట్రిగ్గర్‌ని గుంజేస్తుంది. అప్పుడు మనవాడు ఆ తన్నుడు తగ్గించడానికి గొట్టం చివర మజిల్ బ్రేక్ బిగిస్తాడు. అదో మూడొందలు. పక్కవాడి చెవులు అదనం.

మిగతా ముచ్చట్లు సరేసరి. చీకటి పెట్టెలో దాక్కునేవాడి స్టాక్ మీద ఆకులూ కొమ్మల బొమ్మలెందుకో ఆ రంగు వేసినవాడికే తెలియాలి. ట్రైపాడ్‌కి బిగించే ఆర్కా పట్టా, అసలు ట్రైపాడే లేనివాడికి. స్నైపర్లు వాడేదట: అమెరికా సైన్యం 1988లో తీసుకున్న ఎం24 రైఫిల్‌కి హెచ్‌ఎస్ ప్రిసిషన్ స్టాక్ ఉన్న మాట నిజమే, ఫీడర్ దగ్గర మేసే ఆడజింక మీద సైన్యమెందుకు?

ఇక వాన. చెక్క తేమ పీల్చి ఉబ్బి బ్యారెల్‌ని నెడుతుంది, గురి మారుతుంది. ఒప్పుకున్నాను, కానీ మన మంచెకి కప్పుంది. మన మామండూరు, చామల అడవుల్లో పులుల వెంట తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 వించెస్టర్, చెక్క స్టాక్. అసలు ప్లాస్టిక్ కొత్తదా? డ్యూపాంట్ వారి నైలాన్‌తో రెమింగ్టన్ వాళ్లు నైలాన్ 66 తెచ్చింది 1959లో. కంపెనీ మనిషి టామ్ ఫ్రై ఆ కొత్త రైఫిల్‌తో గాల్లోకి విసిరిన చెక్కముక్కలు లక్షా పదింటి మీద కాల్చాడు, తప్పినవి ఆరు. అది స్టాక్ మహిమ అనుకునేవాడికి నేనేం చెప్పను.

నాకు నవ్వు పోయేది ఇక్కడే. జింక ఊపిరితిత్తులూ గుండె ఉన్న చోటు దాదాపు 8 అంగుళాలు. వంద గజాల్లో మూడు అంగుళాల్లో తూటాలు పెట్టే నాసి రైఫిల్ కూడా దానికి ఎక్కువే. అయినా ఏటా జింకలు పొట్టలో తూటాతో జూనిపర్ పొదల్లోకి పరుగెత్తి, గంటల తరబడి గిలగిల్లాడి, ఎవడికీ దొరక్కుండా చస్తున్నాయి. ఆ తూటా అక్కడికి పంపింది స్టాక్ కాదు. ఏడాదికోసారి, అదీ బెంచీ మీద ఇసుక సంచుల నడుమ రైఫిల్ పెట్టి నాలుగు తూటాలు కాల్చి, వీడియో తీసుకుని ఇంటికొచ్చినవాడు. పెట్టె నలభై డాలర్లనుకున్నా ఆ వెయ్యికి 500 తూటాలు వచ్చేవి. ఐదొందల సార్లు కాల్చినవాడు జింకను ఏడిపించడు. వెయ్యి డాలర్ల కార్బన్ తొడిగి ఏడిపించేవాణ్ని వేటగాడు అనను. కొనుగోలుదారుడు, అంతే.

చవక రైఫిళ్ల స్టాక్ ముందుభాగం మెతకగా ఉండి, బైపాడ్ మీద ఒరిగితే వంగి బ్యారెల్‌కి తగిలే మాట నిజం. గరుకు కాగితం పెట్టి అరగదీస్తే పోతుంది. మన ఐదున్నర అడుగుల మనుషులకి ట్రిగ్గర్ నుంచి వెనక్కి పదమూడున్నర అంగుళాలుండే స్టాక్ పొడవై స్కోపులో కన్ను సరిగ్గా కుదరని మాటా నిజం. అర అంగుళం కోయించండి, లేదా పొట్టి స్టాకే కొనండి, ఆ ఖర్చుకి నేనే సై అంటాను.

నవంబరు మొదటి శనివారం సీజను మొదలు. ఈలోగా స్టాక్‌ని బిగించే రెండు మరలూ సరిగ్గా బిగిశాయో లేదో చూసుకుని రేంజికి పదండి. బెంచీ వదలండి. కూర్చుని, మోకాలి మీద ఆనించి, వంద గజాల్లో ఒక పేపర్ ప్లేటు పెట్టి కాల్చండి. వరసగా అయిదూ ప్లేటులో పడేదాకా మా ఇంటికొచ్చి కార్బన్ మాట ఎత్తకండి.