నా మూత తీసి చూసిందెవరు?

నేను పది మిల్లీలీటర్లు పట్టే ప్లాస్టిక్ సీసాను. నిండా ఈ-సిగరెట్‌లో పోసి పీల్చే వేప్ లిక్విడ్. ఇంగ్లాండులో ఒక దుకాణం అరలో ఉంటాను. అదిమిపట్టి తిప్పితే తప్ప నా మూత ఊడదు. పసిపిల్లల చేతికి చిక్కినా తెరుచుకోకూడదని అలా బిగించారు. నా కొలతా తయారీదారు ఇష్టం కాదు. నికోటిన్ రీఫిల్ సీసా పది మిల్లీలీటర్లు దాటకూడదని, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదని యూరోపియన్ యూనియన్ 2014లో నిర్ణయిస్తే, బ్రిటన్ 2016 నుంచి అమలు చేసింది. ఇన్ని కట్టుబాట్ల మధ్య పుట్టినదాన్ని జనం నమ్మడం సహజమే. ఆ నమ్మకం దేని మీద నిలబడిందో చూడమంటున్నాను.

నేను ఒక్కచోట పుట్టలేదు. నాలోని గ్లిసరిన్ ఏదో నూనెగింజలది, ప్రొపిలీన్ గ్లైకాల్ పెట్రో రసాయనాలది, నికోటిన్ పొగాకుది. పొగాకు నుంచి నికోటిన్ తీసి ఎగుమతి చేసే దేశాల్లో భారత్ ఒకటి. ఇక ఫ్లేవర్ అంటే అనేక రసాయనాల మిశ్రమం, దాని పాళ్లు వ్యాపార రహస్యం. లేబుల్ మీది చిరునామా వీటిని కలిపి నింపిన చోటుది, లేదా అమ్మే కంపెనీది. అందుకే ‘ఏ దేశపు సరుకు?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికినా పెద్దగా తెలిసేదేమీ లేదు. దారిలో ఎవరు, ఎన్నిసార్లు, దేనికోసం పరీక్షించారన్నదే అసలు సంగతి.

పనామాలో 2006లో జరిగింది చూడండి. చైనాలోని ఒక ఫ్యాక్టరీ నుంచి బయలుదేరిన డ్రమ్ములు బీజింగ్ వ్యాపారి, బార్సిలోనా దళారి చేతులు మారి పనామా చేరాయి. 99.5 శాతం స్వచ్ఛమైన గ్లిసరిన్ అని సర్టిఫికెట్ చెప్పింది. లోపల ఉన్నది డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. దాన్ని దగ్గుమందులో కలిపారు. వందమందికి పైగా చనిపోయారు. చేతులు మారేకొద్దీ కాగితం మీంచి అసలు తయారీదారు పేరు తొలగిపోయింది గాని, ఎవరూ డ్రమ్ము మూత తీసి పరీక్షించలేదు. అది మందుల కథ, నీకేం సంబంధం అనొచ్చు. అదే విషం 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించిన 18 ఈ-సిగరెట్ కార్ట్రిడ్జ్‌లలో ఒకదానిలో దొరికింది. పద్దెనిమిదిలో ఒకటే కదా అంటే, నిజమే. దాన్నిబట్టి సరుకంతా విషమని అనలేం. కానీ ప్రభుత్వం తనంతట తాను మూత తీసేదాకా ఆ ఒక్కటీ బయటపడలేదు.

స్వచ్ఛత ఒక్కటే చాలదు. తినడానికి పనికొచ్చేది పీల్చడానికీ పనికొస్తుందన్న హామీ లేదు. వెన్న వాసననిచ్చే డైఅసిటైల్ తిండిలో ఉంటే ఇబ్బంది లేదు; అమెరికాలోని మిస్సోరిలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు దాని ఆవిరి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న సంగతి 2000లో బయటపడింది. 2015లో హార్వర్డ్ పరిశోధకులు 51 రకాల ఫ్లేవర్ ఈ-సిగరెట్లు పరీక్షిస్తే 39లో అది కనిపించింది. సిగరెట్ పొగలో ఇంకా ఎక్కువ ఉందన్న అభ్యంతరం సరైనదే. నన్ను సిగరెట్‌తో పోలిస్తే హాని తక్కువన్న మాటనూ కాదనను. అయితే ఆ లెక్క, నా మీద రాసినవే నాలో ఉన్నాయన్న నమ్మకంతో వేసింది. సిగరెట్ మానాలని నన్ను పట్టుకున్న మనిషికే ఆ నమ్మకం అందరికంటే ఎక్కువ అవసరం.

ఇంగ్లాండులో నాలాంటిది అమ్మకానికి రావాలంటే ఆరు నెలల ముందు మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏకి పదార్థాల జాబితా, ఆవిరిలో వెలువడేవాటి కొలతలు ఇవ్వాలి. మంచి ఏర్పాటే. కానీ ఆ కొలతలు తయారీదారు తెచ్చిచ్చినవి. సంస్థ తానుగా సీసా తెరిచి పరీక్షించి ఆమోదముద్ర వేయదు. నా పక్కనే షార్ట్‌ఫిల్ అనే పెద్ద సీసా ఉంది. అరవై మిల్లీలీటర్ల సీసాలో యాభై మిల్లీలీటర్ల నికోటిన్ లేని ద్రవం పోసి, పైన ఖాళీ వదిలారు. కొన్నవాళ్లు మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న పది మిల్లీలీటర్ల షాట్ అందులో ఒంపి, కుదిపితే మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములవుతుంది. విడిగా నికోటిన్ లేదు కాబట్టి 2016 నిబంధనలు దాని జోలికి పోలేదు. అదే గ్లిసరిన్, అదే ఫ్లేవర్, వెళ్లేది అవే ఊపిరితిత్తుల్లోకి. ఈ సందు నాకు కోపం తెప్పిస్తుంది.

ప్రతి బ్యాచ్‌నూ బయటి ల్యాబ్ పరీక్షిస్తే చిన్న తయారీదారులు మునిగిపోతారంటారు. అన్నిటినీ అక్కర్లేదు. అరల్లోంచి చెప్పకుండా కొన్ని సీసాలు తీసి, తయారీదారుల రుసుముతో పరీక్షించి, బ్యాచ్ నంబరుతో సహా ఫలితం బయటపెడితే చాలు. ఇక భారత్ 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధించింది. పిల్లల చేతికి అందకూడదన్న ఉద్దేశం సబబే, నిషేధం ఎత్తెయ్యమని అనను. అయినా దొంగచాటు సరుకు హైదరాబాద్‌లోనూ పట్టుబడుతోంది. దానికి లేబుల్ భరోసా కూడా లేదు. పట్టుకున్నదాన్ని ధ్వంసం చేసేముందు నమూనాలు ప్రభుత్వ ల్యాబ్‌కు పంపి, ఏం దొరికిందో పత్రికల్లో వేయించాలి.