చీటీల పురుడు

గర్భిణి పురిటి నొప్పులతో పీహెచ్‌సీకి వెళ్తే ‘బీపీ ఎక్కువ, ఏరియా ఆసుపత్రికి’ అని చీటీ. అక్కడ మత్తు డాక్టరు సెలవు. (పాపం, ఉన్న ఒక్కడూ ఎన్ని థియేటర్లకని తిరుగుతాడు?) జిల్లా ఆసుపత్రికి రెండో చీటీ. అక్కడ ఆమె గ్రూపు రక్తం నిండుకుంది. హైదరాబాద్‌ పేట్లబురుజు ఆసుపత్రికో గాంధీ ఆసుపత్రికో మూడోది. ఆ గుమ్మం ముందు అన్ని జిల్లాల చీటీలూ వరసకట్టే ఉంటాయి. పంపేముందు మంచం ఖాళీ ఉందో లేదో ఫోన్‌ చేసి కనుక్కోవాలన్న ముక్క మాత్రం ఏ చీటీలోనూ ఉండదు.

ఈలోగా దారిలోనే కాన్పు. మత్తూ థియేటరూ రక్తమూ లేని 108 బండిలో, రోడ్డు పక్కన, అంబులెన్సు సిబ్బంది ఈఎంటీ పురుడు పోస్తాడు. తెల్లారి పేపర్లో ‘తల్లీబిడ్డ క్షేమం’. పంపేసిన ఆసుపత్రుల రిజిస్టర్లో ‘సకాలంలో రిఫర్‌ చేయడమైనది’!