మొదటి మాట

గుడ్ ఫ్రైడే వచ్చిందంటే పల్నాటి పల్లెల్లో గుళ్లు మధ్యాహ్నం పన్నెండింటికల్లా నిండిపోతాయి. లూథరన్ మిషనరీ హేయర్ దొర 1849లో గురజాలలో మకాం పెట్టిన నాటి నుంచి ఈ నేలలో పాతుకుపోయిన భక్తి ఇది. కల్లాల్లో మిర్చి ఎండుతున్నా, నెత్తిన ఎండ మాడుస్తున్నా, జనం తెల్లబట్టలు కట్టుకుని వచ్చేస్తారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలనూ ముందే ఏడుగురికి పంచుతారు. మూడింటి దాకా ఒకరి తర్వాత ఒకరు లేచి చెబుతారు.

గురజాల దగ్గర ఒక ఊళ్లో మొదటి మాట సంఘపెద్ద వంతుకు వచ్చింది. తనకు మేకులు కొట్టినవాళ్లను క్షమించమని యేసు తండ్రిని వేడుకున్న మాట అది. పెద్దాయనది మంచి గొంతు. మైకు అక్కర్లేదు.

"రోమన్లు సిలువ వేసింది ఎవర్ని? బానిసల్ని, తిరగబడ్డవాళ్లని! పదిమందీ చూసి జడుసుకోవాలని దారి పక్కన వేలాడదీసేవాళ్లు. అంత అవమానంలో ప్రభువు నోట శాపం రాలేదు, క్షమాపణ వచ్చింది. పంతాలకు పోతే ఏమవుద్దో మన కారెంపూడిని అడగండి. నలగాముడు, మలిదేవుడు ఒక్క తండ్రి బిడ్డలై ఉండీ అక్కడ యుద్ధానికి దిగారు కదా! సిలువలో నిలువుకొయ్య మనకూ దేవుడికీ. అడ్డకొయ్య మనకూ పక్కవాడికీ. అడ్డకొయ్య పీకేస్తే మిగిలేది సిలువ కాదు, ఉత్త గుంజ!"

ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. పెద్దాయన కూడా కండువాతో ముఖం తుడుచుకుని కూర్చున్నాడు.

వెనక వరసలో ఆయన సొంత తమ్ముడున్నాడు. ఇద్దరి చేలకూ మధ్య గట్టు తగాదా. అన్న రాత్రికి రాత్రి నాపరాళ్లు పాతి కంచె వేయించాడనీ, తన చేలో మూడు సాళ్లు అటు కలిసిపోయాయనీ తమ్ముడు కోర్టుకెక్కాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడి కూతురి పెళ్లికి కూడా అన్న గడప తొక్కలేదు.

ఏడు మాటలూ అయ్యాయి. దీవెన అయ్యాక జనం కదులుతుంటే తమ్ముడు ముందుకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, నీ మాట నా గుండెకు తగిలింది. రేపే కేసు వాపసు తీసుకుంటా. ఆ మూడు సాళ్లూ నువ్వే ఉంచుకో. ఇంటికి రా, అంతే చాలు" అని చేతులు పట్టుకోబోయాడు.

గుడంతా ఊపిరి బిగబట్టింది. పాస్టరుగారు రెండడుగులు దగ్గరికి వచ్చారు. పెద్దాయన చేతులు వెనక్కి పెట్టుకుని, తమ్ముడి వంక చూడకుండానే పాస్టరుగారిని పక్క గదిలోకి తీసుకెళ్లాడు.

"చూశారా అయ్యగారూ, పదిమందిలో నన్నెట్లా ఇరికించాడో! కేసు వాడే తీసుకుంటాడంట, పొలం వాడే ఇస్తాడంట. ఇక ఊళ్లో మంచోడు వాడా, నేనా?"

"పెద్దాయనా, ఇందాక మీరు చెప్పిందేగా అతను చేసింది!"

"చెప్పమన్నారు, చెప్పాను. వచ్చే ఏడు మాత్రం నాకీ మొదటి మాట వద్దండీ. అయిదోది ఇవ్వండి, ప్రభువు దాహమన్న మాట. ఎండాకాలం గదా, నాలుగు కుండల మజ్జిగ పోయిస్తే సరిపోద్ది."

మరుసటి ఏడాది గుడి ముందు చలివేంద్రం వెలిసింది. పైన ఫ్లెక్సీలో ఒక పక్క సిలువ, ఒక పక్క పెద్దాయన ఫోటో. మజ్జిగ చల్లగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. తమ్ముడు చెప్పినట్టే ఎప్పుడో కేసు వాపసు తీసుకున్నాడు. పెద్దాయన ఇంకా అతని గడప తొక్కలేదు.