ఆషాఢం నుంచి సంక్రాంతి దాకా

కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కు సీజన్ అంటే ఎన్నాళ్ళుండాలి? మా మనవడి కాలేజీలో రెండు రోజులు ఉంది. ఒక రోజు సెలక్షన్లు, ఇంకో రోజు మొదటి రౌండులోనే ఓడి ఇంటికి రావడం. ఫొటోలు దిగిన సాయంత్రాన్ని కూడా కలుపుకుంటే రెండున్నర. జెర్సీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, వీపు మీద వాడి పేరు కూడా వేయించుకున్నాడు. మా టీమ్‌లో జెర్సీలు కాలేజీవి. మ్యాచ్ కాగానే బురదతోనే విప్పి, పీడీ సార్‌కు లెక్కపెట్టి అప్పజెప్పాలి. పేర్లెవరికి కావాలి, ఎవడు ఎవడో ఊరందరికీ తెలుసు.

డెబ్బైల మొదటి మాట ఇది. దిల్‌సుఖ్‌నగర్ అప్పటికి ఊరి అంచు. మలక్‌పేట దాటితే ఇళ్ళు పలచబడేవి, కొత్తపేట అవతల విజయవాడ రోడ్డుకు రెండు వైపులా పొలాలే. ఎల్బీనగర్‌లో రాత్రిపూట దిగాలంటే భయపడేవాళ్ళు. ఇవాళ అదే చౌరస్తాలో రోడ్డు దాటాలంటే భయం. జాగా కోసం ఎవరినీ అడగక్కర్లేదు, ఎక్కడ చదునుగా కనబడితే అక్కడ ఆట.

పరీక్షలు ఏడాదికొక్కసారి, ఎండలు ముదిరే ముందు. ఆషాఢంలో కాలేజీ తెరిచిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా సాయంత్రాలు మావి. వానల్లో తోలు బంతి నీళ్ళు పీల్చి బరువెక్కేది. హెడ్ చేస్తే నుదుటి మీద లేసు అచ్చు పడేది, అది చూసి అమ్మ కొట్లాట అనుకునేది. బూట్ల అడుగున స్టడ్ల మేకులు పైకి పొడుచుకొచ్చి అరికాలు చీరేవి. చాదర్‌ఘాట్ దగ్గర చెప్పులు కుట్టేవాడు వాటిని వంచి కొట్టి, పైసలు తర్వాతిమ్మనేవాడు. షిన్ గార్డులంటారా, మేజోళ్ళలో మడిచి పెట్టిన పాత వారపత్రికలు.

ఇంటర్ కాలేజీ టోర్నమెంట్ మాకూ నాకౌటే. నిజాం కాలేజీ చేతిలోనో, అన్వరుల్ ఉలూం చేతిలోనో పడితే మాదీ ఒక్క మ్యాచ్ కథే. కానీ సీజన్ అక్కడ ఆగేది కాదు. ఆదివారం రైల్వే కుర్రాళ్ళతో, నడి వారంలో మొహల్లా క్లబ్బులతో, అదృష్టముంటే ఎవరో రిటైరైన పోలీసు ప్లేయర్ ఉన్న టీమ్‌తో ఆడేవాళ్ళం. ఆయన మమ్మల్ని చిత్తుగా ఓడించి, తర్వాత చాయ్ తాగుతూ ఎందుకు ఓడామో చెప్పేవాడు. చదువంటే అది. ఫీజు లేదు.

అలాంటి పాఠాలన్నీ తిరిగి తిరిగి ఒకే మనిషి దగ్గరికి చేరేవి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ పోయే బస్సు ఆ చాదర్‌ఘాట్ మీదుగానే పోతుంది. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా మన దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణం కొట్టింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అమ్ముగూడ బలరాం, గోల్‌కీపర్ తంగరాజ్ ఈ ఊరు కన్నవాళ్ళే. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఒక టోర్నమెంట్, వాటం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో ఇంకొకటి పెట్టేవారట రహీం సాబ్. ఆయన 1963లోనే పోయారు, మేం చూడలేదు. ఆయన షరతులు మాత్రం మా దాకా వచ్చాయి. నేను లెఫ్ట్ అవుట్ అయ్యింది ఆ ఎడమకాలి శిక్ష వల్లే.

మేం కాలేజీలో చేరిన 1970లో నయీముద్దీన్ కెప్టెన్‌గా బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్ నుంచి కంచు పతకం వచ్చింది. అందులో మన హబీబ్ కూడా ఉన్నాడు. అదే హబీబ్ 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడుతున్న కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు, మ్యాచ్ 2-2. ఇక్కడ గల్లీల్లో ఆడిన మనిషి!

మొన్న 2024లో అజయ్ దేవగణ్ సినిమా చూసొచ్చి మా వాడు అడిగాడు: "తాతా, రహీం సాబ్ అని ఒకాయన ఉండెనంట, నీకెరుకేనా?"

నేనేం చెప్పలేదు. మజ్జిగ తాగి పడుకున్నాను.

మా వాడి తరానికి టీమ్ దొరక్కపోలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ ఛాంపియన్ అయ్యింది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలో జరిగింది. ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడకుండా కప్పు గెలిచిందన్నమాట. 2025లో ఆ జట్టు ఏకంగా ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇల్లు ఖాళీ చేసే కిరాయిదారు కూడా వెళ్ళేముందు చెప్పిపోతాడు.

మా వాడి మీద నాకేం కోపం లేదు. పరిగెత్తుతాడు, రెండు కాళ్ళూ ఆడతాయి, స్పెయిన్‌లో ఎవడు ఎవడికి పాస్ ఇస్తాడో నిద్రలో లేపినా చెబుతాడు. వాడికి సాయంత్రాలే లేకుండా చేశారు. ఉస్మానియా డిగ్రీలో 2016 నుంచి సెమిస్టర్లు వచ్చాక ఏడాదికి రెండు పరీక్షలు. బంతి ఆటకు వాతావరణం కుదిరేసరికి వాడు ఇంటర్నల్స్ అంటాడు, తర్వాత ప్రాక్టికల్స్ అంటాడు. కాలేజీకి మైదానమా? కింద బట్టల దుకాణం, మధ్యలో బ్యాంకు, పైన కాలేజీ. మెట్ల మీద కూడా బంతి కొట్టడానికి వీల్లేదు. సరూర్‌నగర్ స్టేడియం దగ్గర్లోనే ఉంది, కానీ దాని పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది బహిరంగ సభలే.

అందుకని వీళ్ళు ఎల్బీనగర్ వైపు టర్ఫ్‌కు పోతారు. ప్లాస్టిక్ గడ్డి, నల్ల రబ్బరు పొడి, చుట్టూ పైనా వల, గంటకింత అని అద్దె. అయిదుగురే ఆడతారు. బంతి బయటికి పోదు, వలకు తగిలి తిరిగొస్తుంది. త్రో లేదు, కార్నర్ లేదు, లెఫ్ట్ అవుట్‌కు నిలబడ్డానికి చోటే లేదు. చిన్న పెట్టెలో పాస్ తప్ప గతి లేదు కాబట్టి రహీం సాబ్ ఒకవేళ మెచ్చుకునేవారేమో. ఆ మాట వాడితో అనను.

మొన్న శనివారం రాత్రి తీసుకుపోయాడు. దీపాల కింద నిజంగానే బాగా ఆడారు. 3-3 దగ్గర మంచి పట్టు మీదుండగా తలుపు తీసుకుని ఇంకో పదిమంది లోపలికొచ్చారు. వీళ్ళు వెంటనే ఆట ఆపి సీసాలు, బ్యాగులు సర్దుకున్నారు. ఎవరు గెలిచార్రా అన్నాను.

"స్లాట్ అయిపోయింది తాతా."

ఎక్స్‌ట్రా టైమ్ లేదా మరి అన్నాను. ఉందట. దానికి వేరే పైసలట.