5173కు టీకా తాత్పర్యం

మూలం: డెవ్ సర్వరు మూడువేలవ వాకిలి విడిచి అయిదువేల నూటడెబ్బది మూడవ వాకిట నిలుచును. ప్రివ్యూ నాలుగువేల నూటడెబ్బది మూడవ వాకిట.

అవతారిక: వ్యూ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను సృష్టించిన ఇవాన్ యూ, 2020లో దానికి తోడుగా ఒక బిల్డ్ టూలు తయారుచేసి వీట్ అని పేరు పెట్టాడు. ఫ్రెంచిలో ఆ మాటకు 'చప్పున' అని అర్థం. మనం ముక్కలు ముక్కలుగా రాసే కోడును బ్రౌజరుకు వడ్డించడం దాని పని. 2022 జులైలో మూడో వెర్షన్ వచ్చింది. దాని మార్పుల పట్టీలోని సంగతినే పైన తెలుగు చేశాం. ఆ పట్టీలు చదివే ఓపిక అందరికీ ఉండదు. చదవనివారి కోసమే కదా టీకాలు పుట్టింది.

మా రాయలసీమకు టీకాలు కొత్త కాదు. పరిమళం అనే వ్యాఖ్య రాసిన రాఘవేంద్రస్వామి మంత్రాలయంలో 1671లో బృందావనస్థులయ్యారు. ఆ ఊరిని ఆయనకు ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని చెబుతారు. బ్రహ్మసూత్రాలకు మధ్వాచార్యుల అనువ్యాఖ్యానం, దానికి జయతీర్థుల న్యాయసుధ, సుధకు పరిమళం. ఒకదాని భుజాల మీద ఒకటి. ఇవాళ ఆదోనిలో కుర్రాడు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే దిగే సరుకుదీ అదే వరస. ఆ మూడో వెర్షన్ వీట్ కింద రోలప్, ఈఎస్‌బిల్డ్, వాటి కింద ఇంకెన్నో. తేడా ఒక్కటే. శాస్త్రంలో మూలం కదలదు, వ్యాఖ్యలే పెరుగుతాయి. ఇక్కడ మూలమే రాత్రికి రాత్రి వెర్షన్ మారుస్తుంది, పైనున్నవాళ్లు పొద్దున లేచి తడుముకోవాలి.

ప్రతిపదార్థం: డెవ్ సర్వరు = కోడు రాస్తున్నంతసేపూ మన కంప్యూటరులోనే నడుస్తూ, సేవ్ కొట్టగానే మార్పును తెర మీద చూపించేది; వాకిలి = పోర్టు; ప్రివ్యూ = బిల్డు పూర్తయిన సరుకును ఊరికి పంపేముందు ఇంట్లో ఒకసారి చూసుకునేది; విడిచి = ఇక్కడ కొంత ఆగాలి.

ఏల విడిచెను? వెబ్ పనిముట్లలో ఎక్స్‌ప్రెస్ పాఠాలు 3000తోనే మొదలవుతాయి. రైల్స్‌ది 3000. నెక్స్ట్‌ది 3000. రియాక్టు నేర్చుకునేవాళ్లందరూ వాడిన పాత సరంజామాదీ 3000. ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సూ, మంత్రాలయం బస్సూ, కర్నూలు బస్సూ ఒకే ప్లాట్‌ఫాం మీదికి ముక్కు దూర్చినట్టుంటుంది. వీట్ మర్యాదస్తురాలు. 3000లో ఎవరైనా ఉంటే తాను 3001కి తప్పుకునేది. కానీ అలవాటు కొద్దీ 3000 తెరిచినవాడికి నిన్నటి ప్రాజెక్టు దర్శనమిచ్చేది. బటన్ రంగు మార్చాను, మారలేదేమని వాడు రిఫ్రెష్ మీద రిఫ్రెష్ కొట్టేవాడు.

వెళ్లితే వెళ్లింది, 5173కే ఏల? రోమన్ లెక్కలో వి అంటే 5. ఐ నిటారుగా నిలబడితే 1. టి ఒక చెయ్యి ముడుచుకుంటే 7. ఇ అద్దంలో చూసుకుంటే 3. వరసగా చదివితే వీట్ అనే పేరే. ఇది పాశ్చాత్య శ్లేష. మనవాళ్లు ఇంతకన్నా పకడ్బందీగా చేశారు. కటపయాదిలో ప్రతి హల్లుకూ ఒక అంకె ఉంటుంది, అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి. ధీరశంకరాభరణం 29వ మేళకర్త అని కచేరీకి వెళ్లేవారికి తెలుసు. ధ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే 29. ఆ లెక్కన 5173కు మేమొక పేరు కట్టాం: బాసటమ్మ. బ మూడు, స ఏడు, ట ఒకటి, మ అయిదు. జంటాక్షరంలో చివరి హల్లుకే లెక్క. తిరగేసి చూసుకోండి.

అంతటితో పోలేదు. మ తీసి నాలుగు విలువ గల వ పెడితే బాసటవ్వ, అంటే 4173, అంటే ప్రివ్యూ. రాయలసీమలో అవ్వ ఎవరో చెప్పనక్కర్లేదు. కోడు రాస్తున్నంతసేపూ వెంట ఉండేది అమ్మ. గడప దాటబోయే ముందు నిలబెట్టి చొక్కా గుండీలు సరిచూసేది అవ్వ. సూత్రకారుడికి ఇంత లోతు తెలిసి ఉండదు. వ్యాఖ్యాతకు తెలియడమే ప్రధానం.

శంక: ఆదోని శిష్యుడు లేచి అన్నాడు. "సామీ, అమ్మా అవ్వా బాగుండారు గానీ, వెర్షన్ మార్చినాక నా లాగిన్ పనిచేయకుండా పాయె. కన్సోలు నిండా ఎర్రగీతలే. కోడులో నేనేమీ ముట్టుకోలేదే."

సమాధానం: ముట్టుకోలేదు నాయనా, నీ వాకిలి మారింది. బ్రౌజరు దృష్టిలో ఎవరు అడుగుతున్నారనేది మూడింటితో తేలుతుంది: హెచ్‌టీటీపీయా హెచ్‌టీటీపీఎస్సా, హోస్టు ఎవరు, పోర్టు ఎంత. మూడింట్లో ఏది మారినా మనిషి మారినట్టే. నీ బ్యాకెండులో 3000 నుంచి వచ్చేవాళ్లకే సమాధానం ఇవ్వమని ఆరునెలల కిందట నువ్వే రాసి మరిచావు. ఇప్పుడు 5173 నుంచి అడిగితే, సర్వరు బదులిచ్చినా బ్రౌజరు దాన్ని నీ కోడు చేతికి ఇవ్వదు. దీన్నే కార్స్ దోషం అంటారు. గూగుల్ లాగిన్ పెట్టుకుని ఉంటే అక్కడ నమోదు చేసిన తిరుగుచిరునామాలోనూ 3000 ఉంటుంది, అది అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. పట్టీలో ఉన్నది ఒక్క వాక్యం. దాని వల్ల దిద్దాల్సిన చోట్లు రెండు, ఆ రెండూ పట్టీ రాసినవాడి ఇంట్లో లేవు, నీ ఇంట్లో ఉన్నాయి.

పాఠాంతరం: అదే పట్టీలో ఇంకో మాట ఉంది. సర్వరు 127.0.0.1 దగ్గర కాక లోకల్‌హోస్ట్ దగ్గర నిలబడుతుందని. ఎమ్మిగనూరు శిష్యుడికి నవ్వొచ్చింది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా, ఇతడు చీరల దుకాణానికి వెబ్‌సైటు కడుతున్నాడు. "రెండూ ఒకటే గదా సామీ, ఇదొక మార్పా?" అన్నాడు. ఒకటే అని అందరూ అనుకున్నారు. వీట్ నడిచేది నోడ్ మీద. నోడ్ 17 రాకముందు అది లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1 అనే చెప్పేది. 2021 అక్టోబరులో వచ్చిన 17 ఆ పూచీ వదిలేసింది, సిస్టమ్ ఏ చిరునామా ముందు చెబితే అదే తీసుకుంటానంది. కొన్ని యంత్రాలు ఐపీవీ6 చిరునామాను ముందు చెబుతాయి. అప్పుడు లోకల్‌హోస్ట్ అని కొడితే పేజీ వస్తుంది, 127.0.0.1 అని కొడితే రాదు. శిష్యుడు నవ్వడం మాని తన లాప్‌టాప్‌లో కొట్టి చూశాడు. రాలేదు.

చల్లగా ఉన్న సర్వరు మొదటిసారి లేచినప్పుడు పేజీ ఊరికే మళ్లీ లోడయ్యే చికాకునూ వీట్ మూడో వెర్షన్‌లో చాలావరకు తగ్గించారు. బాగుపడినదానికి టీకా అక్కర్లేదు.

తాత్పర్యం: వాకిలి మార్చడం సబబే. 3000 ముందు తోపులాట నిజం, ఎవరో ఒకరు పక్కకు జరగాల్సిందే, జరిగినవారు తమ పేరును అంకెల్లో రాసుకోవడం ముచ్చటే. మా అభ్యంతరం పట్టీ రాసే పద్ధతి మీద. ఏం మారిందో రాస్తారు, ఎవరింట్లో ఏది ఆగిపోతుందో రాయరు. ఆ రెండో వాక్యమూ రాసి పుణ్యం కట్టుకోండి. పాత వాకిలే కావాలనే ఆదోని శిష్యుడు వీట్ కాన్ఫిగ్ ఫైలులో సర్వర్ కింద పోర్ట్ 3000 అని రాసుకోవచ్చు. అక్కడే స్ట్రిక్ట్‌పోర్ట్ కూడా ట్రూ అని పెట్టుకుంటే, వాకిట్లో ఇంకెవరైనా ఉన్నప్పుడు వీట్ పక్కకు జారుకోకుండా ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది.