మదర్‌బోర్డు సీడీ ఉన్న రోజుల్లో

ఇప్పటి కుర్రాళ్లకి సిస్టమ్ ఫార్మాట్ కొట్టడమంటే పెన్‌డ్రైవ్ పెట్టి, నాలుగు సార్లు నెక్స్ట్ నొక్కి, టీ తాగి రావడం. వచ్చేసరికి డెస్క్‌టాప్ కనబడుతుంది, పని అయిపోయిందంటారు. డివైస్ మేనేజర్ ఓసారి తెరిచి చూడరా అంటే "ఎందుకన్నా, అంతా బాగానే ఉందిగా" అని జవాబు. స్క్రీన్ మీద బొమ్మ వచ్చినంత మాత్రాన గ్రాఫిక్స్ డ్రైవర్ పడినట్టు కాదు. అది మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ మీద ఈడుస్తూ ఉండొచ్చు. అప్పుడు వీడియో పెడితే చాలు, ప్రాసెసర్ మొత్తం దానికే ఖర్చవుతుంది. వారం తిరక్కుండా కస్టమరు మళ్లీ వస్తాడు, కొత్త సిస్టమే ఇంత స్లో ఏంటని. పాపం, అతనికేం తెలుసు? తెలియాల్సింది ఓఎస్ వేసినవాడికి.

మా రోజుల్లో ఆ తెలియకపోవడం కుదిరేది కాదు. విండోస్ 98 వెయ్యాలంటే ముందు స్టార్టప్ ఫ్లాపీ. అందులో సీడీ డ్రైవ్‌ని గుర్తుపట్టే డ్రైవర్ ఉండాలి, లేకపోతే సీడీ చేతిలో ఉన్నా దానిలోని విండోస్ అందదు. అంటే ఓఎస్ రాకముందే డ్రైవర్ కావాలన్నమాట. ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్లు చేసి, ఫార్మాట్ కొట్టి, సీడీలో ఉన్న విన్98 ఫోల్డర్ మొత్తం డీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకునేవాళ్లం. ఎందుకంటే ఆ తర్వాత మోడెమ్ పెట్టినా, ప్రింటర్ పెట్టినా ప్రతిదానికీ విండోస్ 98 సీడీ పెట్టమని అడిగేది. సౌండ్ కార్డుకి ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, పోర్ట్ 220 అని నోటికి వచ్చేది. ప్రింటర్ పోర్టు ఐఆర్‌క్యూ 7 మీద కూర్చుంటుంది కనుక సౌండ్ కార్డుని అక్కడ పెట్టకూడదు. కామ్ 2, కామ్ 4 రెండూ ఐఆర్‌క్యూ 3నే వాడతాయి కనుక మౌస్ ఒకదాని మీద, మోడెమ్ ఇంకోదాని మీద పెడితే ఒకటి కదిలితే ఇంకోటి ఆగిపోతుంది. విండోస్ 95తో వచ్చిన ప్లగ్ అండ్ ప్లే ఇవన్నీ తానే చూసుకోవాలి. చాలాసార్లు చూసుకునేది కాదు. క్యాబినెట్ విప్పి, కార్డు మీద జంపర్ మార్చి మళ్లీ బిగించేవాళ్లం. అలా విప్పి బిగించిన చేతికి లోపల ఏముందో తెలుస్తుంది.

ఎక్స్‌పీ వచ్చాక కొంత సుఖపడ్డాం. జంపర్ల బాధ పోయి, దాని స్థానంలో వరస అనే క్రమశిక్షణ వచ్చింది. ముందు చిప్‌సెట్, తర్వాత గ్రాఫిక్స్, తర్వాత సౌండ్, తర్వాత ల్యాన్, ఆ మీదట సర్వీస్ ప్యాక్, యాంటీవైరస్. ఈ వరస ఎవడో పెట్టిన ఆచారం కాదు. చిప్‌సెట్ ప్యాకేజీలో ఉండేవి చాలావరకు ఐఎన్ఎఫ్ ఫైళ్లు. బోర్డు మీద ఉన్న ఏ చిప్పు ఏమిటో, దాన్ని ఏ పేరుతో పిలవాలో విండోస్‌కి చెప్పేది అవే. వాటిని ముందు వేస్తేనే ఏజీపీ స్లాటు సరిగ్గా తెలుస్తుంది, ఆపైన వేసే గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా కూర్చుంటుంది. యూఎస్‌బీ 2.0 కావాలంటే సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి. హై డెఫినిషన్ ఆడియో ఉన్న బోర్డయితే సౌండ్ డ్రైవర్ కంటే ముందు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కేబీ 888111 అనే ప్యాచ్ పడాలి. అది లేకుండా రియల్‌టెక్ సెటప్‌ని ఎన్నిసార్లు నడిపినా సౌండ్ రాదు. ఆ నంబరు ఇప్పటికీ గుర్తుంది.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఒక్కటి మిగిలినా సిస్టమ్ షాపు దాటకూడదు. అది మా రూలు. అది ఏ పార్టో తెలియనప్పుడు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీ చూసేవాళ్లం. వెన్ అనే మూడక్షరాల తర్వాత 8086 ఉంటే ఇంటెల్, 10డీఈ ఉంటే ఎన్‌విడియా, 1002 ఉంటే ఏటీఐ, 10ఈసీ ఉంటే రియల్‌టెక్. 1978లో వచ్చిన తన ప్రాసెసర్ నంబరునే ఇంటెల్ తన గుర్తుగా పెట్టుకుంది, ముచ్చటగా ఉంటుంది నాకు. ఆ వెనక డెవ్ అని ఉండే నాలుగు అంకెలతో కచ్చితంగా ఏ చిప్పో పట్టేయొచ్చు. ఇవాళ్టి విండోస్ 11లో కూడా ఇది ఇలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. మారింది చూసేవాళ్లు లేకపోవడం. పసుపు గుర్తు కనబడగానే నెట్‌లో దొరికిన ఏదో డ్రైవర్ అప్‌డేటర్ దించి స్కాన్ కొడతారు. అది సగం తప్పు డ్రైవర్లు వేసి, బ్రౌజర్‌లో తన టూల్‌బార్ పెట్టి, మిగతా సగానికి డబ్బు కట్టమంటుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. పార్టు పేరు దాని మీదే రాసి ఉంటే పరాయివాణ్ణి అడగడమేమిటి?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఇంటెల్ 845, 865 బోర్డులు విరగబడి అమ్ముడైన రోజుల్లో ప్రతి డబ్బాలో ఒక సీడీ ఉండేది. మదర్‌బోర్డు సీడీ, గ్రాఫిక్స్ కార్డు సీడీ, ప్రింటర్ సీడీ, అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి కస్టమరు చేతికిచ్చి, "అమ్మా, ఇది బీరువాలో పెట్టుకోండి, సిస్టమ్ ఎక్కడికి తీసుకెళ్లినా ఇది కూడా తీసుకెళ్లండి" అని చెప్పేవాళ్లం. ఊరికి నెట్ ఉన్నా లేకపోయినా, కంపెనీ ఉన్నా మూతపడినా, ఆ కవరుంటే సిస్టమ్‌ని మళ్లీ నిలబెట్టొచ్చు. యంత్రం కొన్నవాడికి దాన్ని నడిపించే సాధనం కూడా సొంతమయ్యేది. నా గొడవంతా ఈ ఒక్క మాట గురించే.

ఇప్పుడు సీడీ లేదు. డ్రైవర్ కంపెనీ సర్వర్లో ఉంటుంది, వాళ్లు ఉంచినన్నాళ్లే ఉంటుంది. ఇంటెల్ సంగతే చూడండి. డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం మానుకుంటున్నామని 2013లో చెప్పింది. 2019 నవంబరులో పాత బోర్డుల డ్రైవర్లు, బయాస్ ఫైళ్లు తన డౌన్‌లోడ్ సెంటర్ నుంచి తీసేసింది. మన ఊళ్లలో ఆ బోర్డులు అప్పటికి ఇంకా బతికే ఉన్నాయి. కాటా మిషను పక్కన బిల్లు కొడుతూనో, స్కూలు ఆఫీసులో హాల్ టికెట్లు ప్రింటు తీస్తూనో నడుస్తున్నాయి. ఆ సిస్టమ్ హార్డ్ డిస్కు పోతే, పాత కవరు దాచుకున్నవాడు బతికాడు, కంపెనీ వెబ్‌సైటుంది కదా అని సీడీ పారేసినవాడు రోడ్డున పడ్డాడు.

అప్‌డేట్ల మాట వేరు. వాటిమీద నాకు కోపం లేదు, వాటి అవసరం కళ్లారా చూసినవాణ్ణి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వైరస్ వచ్చింది. దానికి ప్యాచ్ మైక్రోసాఫ్ట్ జులై 16నే ఇచ్చింది, వేసుకున్నవాళ్లెవరు? ఫార్మాట్ కొట్టి, ఎక్స్‌పీ వేసి, ప్యాచ్ దించుకుందామని నెట్‌కి కలిపితే ఆ దించుకునే లోపే వైరస్ ఎక్కేది. అరవై సెకన్లలో సిస్టమ్ ఆగిపోతుందని ఒక డబ్బా వచ్చి లెక్క పెట్టేది. అందుకని కేబుల్ పీకేసి ఓఎస్ వెయ్యడం, ఫైర్‌వాల్ ఆన్ చేశాకే కేబుల్ పెట్టడం, ప్యాచ్‌ని సీడీలో సిద్ధంగా ఉంచుకోవడం నేర్చుకున్నాం. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చి ఫైర్‌వాల్‌ని తానే ఆన్ చేసింది, అది గొప్ప పని. కాని దాని సైజు 266 ఎంబీ. డయలప్ మీద సెకనుకు 5 కిలోబైట్లు దిగితే 15 గంటలు, అదీ ఫోను మధ్యలో కట్ కాకపోతే. కనుక ఎవరో ఒకరు ఇంటర్నెట్ సెంటర్లో దించి సీడీ రాస్తే, ఆ సీడీ ఊరంతా తిరిగేది. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీల్లో సర్వీస్ ప్యాకుందా అని ముందు చూసి పత్రిక కొనేవాళ్లం. అదంతా తలుచుకుంటే విండోస్ 10 నుంచి వచ్చిన పద్ధతి, అంటే అన్ని ప్యాచ్‌లూ కలిపి నెలకి ఒకే ముద్దగా ఇవ్వడం, నిజంగా మేలు. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 వేసి అప్‌డేట్ నొక్కితే వందల కొద్దీ ప్యాచ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి, రోజంతా రీస్టార్టులే.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది, అయినా ఓఎస్ వేసి వదిలేస్తే తెలుగు పత్రికల సైట్లలో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా చెల్లాచెదురై కనబడేవి. రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్నచోట టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ మళ్లీ పెట్టి, రీస్టార్ట్ చేస్తేనే అక్షరం అక్షరంలా నిలబడేది. దాంతో ఆగక పోతన 2000 ఫాంటు వేసి, కీబోర్డు లేఅవుట్ కలిపి, ఒక వాక్యం టైపు చేసి చూపించాకే సిస్టమ్ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నిర్మల యూఐ ముందే ఉంటుంది, చదవడానికి ఏమీ చేయక్కర్లేదు. అది చూస్తే సంతోషం. కాని తెలుగు కీబోర్డు కలిపి ఇచ్చే కుర్రాడు కనబడడు. అడిగితే "ఫోన్‌లో మాట్లాడితే అదే టైపు చేస్తుంది కదన్నా" అంటాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాసే ఆయన ఫోనులో మాట్లాడి సేల్ డీడ్ రాయాలా?

ఇక అన్నీ ఆటోమేటిగ్గా జరిగిపోతాయన్న నమ్మకం ఎక్కడ తెగుతుందో చూడండి. ఎక్స్‌పీ రోజుల్లో సాటా డిస్కు కనబడకపోతే సెటప్ మొదట్లోనే ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇచ్చేవాళ్లం. 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాపుల నుంచి అదే కథ మళ్లీ వచ్చింది. బయాస్‌లో వీఎండీ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే విండోస్ సెటప్‌కి ఎస్ఎస్‌డీ కనబడదు. కుర్రాడు కంగారుపడి ఎస్ఎస్‌డీ పోయిందని చెప్పేస్తాడు, కస్టమరు కొత్తది కొనేస్తాడు కూడా. కావాల్సిందల్లా ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ దించి, దాన్ని విప్పి, ఐఎన్ఎఫ్ ఫైలున్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కి చూపించడం. ఆ తర్వాత విండోస్ 11 నెట్ లేకుండా ముందుకు కదలనంటుంది. నెట్‌కి వైఫై కావాలి, వైఫైకి డ్రైవర్ కావాలి, డ్రైవర్ నెట్‌లో ఉంది. ఫోనుని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెదరింగ్ ఆన్ చేస్తే దారి దొరుకుతుంది, దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. ఎంతమందికి తెలుసు ఈ చిన్న విషయం?

ఇంకో అన్యాయం. విండోస్ 11లో 24హెచ్2 నుంచి కొత్తగా ఓఎస్ వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లోపలికి వెళితే చాలా సిస్టముల్లో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దొంగ చేతిలో పడితే మంచిదే. కాని రేపు బయాస్ అప్‌డేట్ చేశాక 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది తన అకౌంట్లో ఉంటుందని కస్టమరుకి చెప్పినవాడు లేడు. ఆ అకౌంటు కూడా షాపు కుర్రాడు తన ఫోన్ నంబరుతో తెరిచిందై ఉంటుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు లోపలే ఉండిపోతాయి. ఇది చిన్న నిర్లక్ష్యం కాదు.

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ తన డ్రైవర్ చదివే ఒక ఫైలుని అప్‌డేట్‌లో తప్పుగా పంపితే, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల సిస్టములు నీలి స్క్రీన్ మీద ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ పెన్నుతో రాసి ఇచ్చారు. కంపెనీ కొన్ని గంటల్లోనే తప్పు సరిదిద్దింది, కాని అప్పటికే పడిపోయిన సిస్టముల్లో చాలావాటికి ఆ సవరణ నెట్ మీద అందలేదు. ఒక్కొక్కదాని దగ్గరికీ మనిషి నడిచి వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, డ్రైవర్ ఫోల్డర్‌లోని ఆ ఫైలు చేత్తో తీసేయాల్సి వచ్చింది. సేఫ్ మోడ్‌లోకి ఎలా వెళ్లాలో, డ్రైవర్లు ఏ ఫోల్డర్‌లో ఉంటాయో తెలిసినవాళ్లు ఆ రోజు కావలసి వచ్చారు. మేము 98లో వారానికోసారి చేసిన పని అది.

ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీలను నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. స్టోరేజ్ డ్రైవర్, వైఫై డ్రైవర్, ల్యాన్ డ్రైవర్, ఈ మూడూ కలిపినా ఒక పాత సీడీ నిండదు. అరవై వేలు పెట్టి కొన్నవాడికి ఓ చిన్న పెన్‌డ్రైవ్‌లో ఇవి ఇవ్వలేరా? అమ్మిన మోడల్ పేజీని సైటు నుంచి తీసేయకుండా ఉంచలేరా?

వాళ్లిచ్చేదాకా మా షాపులో పద్ధతి ఇది. పాత ఓఎస్ ఇంకా నడుస్తుండగానే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పీఎన్‌పీయుటిల్‌లోని ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ ఆదేశంతో విడిగా వేసిన డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి తీయాలి. అప్పుడు ఫార్మాట్. ఓఎస్ వేశాక ఆ ఫోల్డర్ చూపించి డ్రైవర్లు ఎక్కించి, పసుపు గుర్తులు ఒక్కటి కూడా లేవని నాకు చూపించాలి. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉందేమో చూసి, కొత్త రికవరీ కీ కాగితం మీద రాసి కస్టమరుకి ఇవ్వాలి. అప్‌డేట్లు పూర్తయ్యి, రెండుసార్లు రీస్టార్ట్ అయ్యి, సౌండు, కెమెరా, ప్రింటు పరీక్షించాక ఆ ఫోల్డర్‌ని కస్టమరు సొంత పెన్‌డ్రైవ్‌లో వేసి, మోడల్ నంబరు రాసిన స్టిక్కరు అంటించి ఇవ్వాలి. కొత్తగా చేరిన కుర్రాడు మొదట్లో విసుక్కుంటాడు, గంటలో అయ్యేదానికి సాయంత్రం దాకా ఎందుకని. విసుక్కోనీ. ఆ స్టిక్కరు లేని సిస్టమ్‌ని నేను డెలివరీ ఇవ్వను.